ఉప్పుగాలిలో కంప్యూటరు

పోర్ట్‌బ్లెయిరుకు 2024లో శ్రీవిజయపురమని పేరు మారినా, ఇక్కడి ఉప్పుగాలి స్వభావం మారలేదు. విడిభాగాలు తెప్పించి ఇంట్లో మేమే అమర్చుకున్న నిశ్శబ్ద కంప్యూటరు, వర్షాకాలంలో ఒకనాడు మీట నొక్కినా మేల్కొనలేదు. కొత్త భాగం చెన్నై నుండి ఓడలో రావడానికి రోజులు పడుతుంది. అమ్మాయి పరీక్ష అంతవరకు ఆగదు.

విద్యుత్తు తొలగించి, మెమరీ పలకను ఊడదీసి, దాని అంచున పట్టిన మకిలిని పెన్సిలు రబ్బరుతో సున్నితంగా తుడిచి బిగించగా ప్రాణం వచ్చింది. అరగంటకే వేడెక్కి ఆగిపోయింది. మితిమీరిన వేడి నుండి ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనే విధానమది. హీట్‌సింకు రెక్కల ధూళిని కుంచెతో దులిపి, పక్క క్వార్టరు మిత్రులిచ్చిన 120 మిల్లీమీటర్ల ఫ్యానును వెనుక బిగించాము. పెద్ద ఫ్యాను నెమ్మదిగా తిరిగినా చాలినంత గాలిని తోస్తుంది, చప్పుడు స్వల్పం. అమ్మాయి చదువు ఆగలేదు.

సోదర ఉద్యోగులారా! క్రొత్త వస్తువుకై ఓడవైపు చూచే ముందు, ఉన్నదానిని ఒకమారు శుభ్రపరచి చూడవలెనని మా మనవి.