అత్తగారి మెట్రిక్, అమ్మాయి క్లెప్

"మీ అమ్మాయి ఏ స్కూల్?" అని ఎవరైనా అడిగితే నా గొంతులో వెలక్కాయ పడేది. ఇంట్లోనే చదువుతోంది అనగానే రెండో ప్రశ్న వచ్చేస్తుంది, "మరి కాలేజీలో ఎవరు చేర్చుకుంటారండీ?" అని.

మేముండేది టెక్సాస్‌లో. ఇక్కడ పిల్లలకి ఇంట్లో చదువు చెప్పుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పాఠం చెప్పేది నేనే, పేపరు దిద్దేది నేనే, మార్కులు వేసేదీ నేనే. అసలు బెంగ అక్కడే. అమ్మ వేసిన మార్కుల్ని బయటివాళ్ళు ఎందుకు నమ్మాలి?

అలాంటప్పుడు తెలిసినావిడ ఒకరు క్లెప్ పరీక్షల గురించి చెప్పారు. శాట్ పెట్టే కాలేజ్ బోర్డే వీటినీ పెడుతుంది. ముప్ఫైకి పైగా సబ్జెక్టులున్నాయి. ఎక్కడ చదివావని అడగరు. చాలా పరీక్షలు కంప్యూటరు ముందు గంటన్నర. స్కోరు 20 నుంచి 80 వరకు. చాలా కాలేజీల్లో 50 తెచ్చుకుంటే చాలు, ఆ కోర్సు అక్కడ చదవకుండానే క్రెడిట్లు ఇచ్చేస్తారు. కాలేజీలో ఆ ఒక్క కోర్సుకి కట్టే డబ్బు ముందు ఈ పరీక్ష ఫీజు ఏపాటి!

ఇంకేం, అమెరికా చరిత్ర మొదటి భాగానికి కట్టించేశాను. పొద్దున లేస్తే ప్రాక్టీసు ప్రశ్నలు, పడుకునేముందు తారీకులు. దానికి పదిహేనేళ్ళు. నోరెత్తకుండా చదివింది.

పరీక్ష అవగానే తెరమీద స్కోరు కనిపిస్తుంది. 46.

కారులో చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. చివరికి అదే అంది, "సారీ అమ్మా, నీ ఎగ్జామ్ పోగొట్టేశాను."

నీ ఎగ్జామ్! చెంప ఛెళ్ళుమన్నట్టయింది. నిజమే కదా. ఇన్నాళ్ళూ నన్ను ప్రశ్నలడిగిన వాళ్ళందరికీ జవాబు చెప్పడానికి నేను పిల్లని పరీక్షకి పంపాను.

అప్పుడు మా అత్తగారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. "బడీ గిడీ లేకుండా ఇదేం చదువే" అని మొదట్నించీ ఆవిడకి కోపమే. సంగతి తెలిస్తే ఏమంటారో అని భయపడుతూనే చెప్పాను. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, "నేనూ ప్రైవేటుగానే కట్టానే ఆంధ్రా మెట్రిక్, పెళ్ళయ్యాక. మొదటిసారి లెక్కలు పోయాయి. మీ మామగారు మారు మాట్లాడకుండా మళ్ళీ ఫీజు కట్టారు" అన్నారు.

పెళ్ళయి ఇరవై ఏళ్ళయినా ఈ సంగతి నాకు తెలియదు!

పోయిన పరీక్ష మళ్ళీ రాయాలంటే మూడు నెలలు ఆగాలి. ఈసారి నేను పుస్తకం ముట్టుకోలేదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక నాయనమ్మ మంచం మీద పడుకుంటే మనవరాలు పక్కన కూర్చుని చెప్పేది. టీ పెట్టెలు సముద్రంలో ఎందుకు పారబోశారు, ఉత్తరాదివాళ్ళూ దక్షిణాదివాళ్ళూ ఎందుకు కొట్టుకున్నారు. దాని వచ్చీరాని తెలుగులో చెప్తుంటే ఆవిడ ఊరుకునేవారా? "మరి ఆ బానిసలకి తర్వాత పొలాలిచ్చారా?" అని అడిగేవారు. జవాబు తెలియక ఇది మళ్ళీ పుస్తకం తీసేది. తనకి రానిదేదో దానికి అలా తెలిసింది.

రెండోసారి 61. ముందు నాయనమ్మకి చెప్పింది, తర్వాతే నాకు.

ఇప్పుడు దానికి పదిహేడు. మూడు పరీక్షలు, తొమ్మిది క్రెడిట్లు. మీ పిల్లల్నీ రాయించాలనుకుంటే ఒక్కమాట. అన్ని కాలేజీలూ ఈ క్రెడిట్లు తీసుకోవు. తీసుకునేవాటిలోనూ ఏ సబ్జెక్టుకి ఎంత స్కోరు కావాలో ఎవరి లెక్క వాళ్ళదే. ఫీజు కట్టకముందే చేరాలనుకున్న కాలేజీని అడగండి.

ఇంకో మాట కూడా. పరీక్ష ఎవరిదో ముందే తేల్చుకోండి. నాలుగోది ఎప్పుడు రాయాలో మా అమ్మాయి ఇంకా చెప్పలేదు. నేనూ అడగలేదు.