కట్టిందెవరు, విప్పేదెప్పుడు

సికింద్రాబాద్‌లో ఆషాఢ బోనాలకు వీధే మండపం. ఉజ్జయిని మహంకాళి గుడి చుట్టుపక్కల సందుల్లో ఈ మేడ నుంచి ఆ మేడకు తాళ్లు కట్టి వేపమండలు వేలాడదీస్తారు. రంగుదీపాలు, అమ్మవారి నిలువెత్తు బొమ్మలు రోడ్డెక్కుతాయి, ఫలహారం బండ్లు ఊరేగుతాయి. 1813లో ఉజ్జయినికి బదిలీ అయిన సైనికోద్యోగి సురిటి అప్పయ్య, కలరా తగ్గితే అమ్మవారిని సొంతూళ్లో నిలుపుతానని మొక్కుకుని, 1815లో తిరిగొచ్చి కర్ర విగ్రహాన్ని ప్రతిష్ఠించాడని గుడి చరిత్ర. దండు ఊరి పండగ కనుక లష్కర్ బోనాలన్న పేరు నిలిచింది.

ఈ సింగారంలో బస్తీ చందా ఎంత, సర్కారు సొమ్మెంత అని విడదీయడం కష్టం. 2014లో బోనాలు రాష్ట్ర పండగయ్యాయి. ప్రభుత్వం తరఫున అమ్మవారికి పట్టువస్త్రాలు వస్తాయి. అదే ప్రభుత్వం రంజాన్‌కు ఇఫ్తార్, డిసెంబరులో క్రిస్మస్ విందు ఇచ్చింది. ఏ గడపకూ దూరంగా నిలవడం కాదు, అన్ని గడపలూ తొక్కడమే ఇక్కడి లౌకికవాదం.

వినాయక చవితి మండపానికి పోలీసులకు దరఖాస్తు పెట్టాలి. స్థలం, విగ్రహం ఎత్తు, నిమజ్జనం రోజు, ఊరేగింపు దారి రాయాలి. మైకులకు రాత్రి పదింటి దాకే అనుమతి. ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలించే అధికారం రాష్ట్రానికుంది. పందిరి గుంజలకు తవ్విన గుంతలు మాత్రం నిమజ్జనమయ్యాక కూడా మిగులుతాయి.

వీధుల్లో, పార్కుల్లో అనుమతి లేని కొత్త మతకట్టడాలను రానివ్వొద్దని సుప్రీంకోర్టు 2009 సెప్టెంబరు 29న ఆదేశించింది. అంటే గోడ లేవకూడదు, పందిరి వేసి విప్పవచ్చు. ఏటా అదే మూలన వేసే పందిరి క్రమంగా హక్కులా మారిపోవడం ఈ పద్ధతిలోని లోపం.

ఇక్కడ చూసేది పందిరి గడువు. అమెరికాలో గడువు కన్నా ముందు ‘ఎవరి స్థలం, ఎవరి మాట’ అని అడుగుతారు. పిట్స్‌బర్గ్ అంటే తెలుగువారికి పెన్ హిల్స్ వేంకటేశ్వరాలయం. అమెరికా న్యాయవాదులకు 1989 నాటి తీర్పు. అక్కడి కౌంటీ కోర్టు భవనం లోపలి మెట్ల మీద క్రీస్తు జననపు బొమ్మల కొలువు పెట్టారు. మరో ప్రభుత్వ భవనం ముందు 45 అడుగుల క్రిస్మస్ చెట్టు పక్కన యూదుల 18 అడుగుల దీపస్తంభం, మెనోరా, నిలిపారు. సుప్రీంకోర్టు మొదటిది చెల్లదంది, రెండోది చెల్లుతుందంది. కొలువు ఒక్కటే ఉంటే ప్రభుత్వమే ఆ మతానికి పట్టం కట్టినట్టవుతుందని, మెనోరాకు చెట్టు, ‘స్వేచ్ఛకు వందనం’ అనే బోర్డు తోడైతే ఆ అర్థం రాదని తర్కం. న్యాయమూర్తులే చీలిపోయిన ఈ తర్కం సామాన్యుడికి మింగుడుపడదు. ఆ కొలతను కోర్టు 2022లో వదిలేసింది కానీ, దానితో చూస్తే పట్టువస్త్రాల సమర్పణ ఒక్క రోజు నిలవదు.

అమెరికాలో పౌరులు అనుమతి తీసుకుని పార్కులో బతుకమ్మ ఆడితే అభ్యంతరం లేదు, అది ప్రభుత్వం మాట కాదు కనుక. సొంతింటి దీపాల దగ్గరే అసలు చిక్కు. అక్కడ అడ్డొచ్చేది రాజ్యాంగం కాదు, హోమ్ ఓనర్స్ అసోసియేషన్, అంటే ఇళ్ల యజమానుల సంఘం. క్రిస్మస్‌ను దృష్టిలో పెట్టుకుని దీపాల గడువు రాసుకున్న సంఘాల్లో దీపావళిని అడిగి చేర్పించుకోవాలి.