ఫీనిక్స్ బే బావికి గాలి వైద్యం

ఫీనిక్స్ బే జెట్టీ దాటి మిట్ట ఎక్కుతుంటే గుమ్మం గుమ్మానికీ నీళ్ల డ్రమ్ములే. పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురమని పేరు మారింది గానీ నీళ్ల కటకట మారలేదు. ఏడాదికి 3000 మిల్లీమీటర్ల వాన పడే ఊళ్లో, ఎండలు ముదిరి ధనిఖాడి డ్యామ్ తగ్గిందంటే కుళాయికి వంతులే. అప్పుడు దిక్కు వరల బావి.

శ్రీకాకుళం నుంచి వలసొచ్చిన ఒక కుటుంబం బావి చూడ్డానికి వెళ్లాను. బావి నీళ్లలో రేడాన్ ఉండొచ్చన్న సంగతి ఎత్తగానే పెద్దావిడ, “అదేటి బాబూ, ఉప్పా?” అంది. రంగూ రుచీ వాసనా లేని రేడియోధార్మిక గ్యాసమ్మా అన్నాను. “మరి ఉన్నట్టు ఎలాగ తెలుస్తాది?” పరీక్ష చేయిస్తే తప్ప తెలీదు.

రాతిలోని యురేనియం విచ్ఛిన్నమవుతూ రేడియమై, రేడియం రేడానవుతుంది. గ్రానైటు పగుళ్లలోకి దింపిన బోర్లలో దీని బెడద ఎక్కువ. ఇక్కడ కింద ఉన్నది చాలావరకు ఇసుకరాయి, షేలు. అందుకే ఈ బావి కంటే మన తెలంగాణ గ్రానైటు బోర్ల మీదే నాకు అనుమానం. తాగడం కన్నా, స్నానం చేసేటప్పుడు నీళ్లలోంచి గాలిలోకి లేచి ఊపిరితిత్తుల్లో చేరడమే పెద్ద ప్రమాదం.

ఆవిడ కొడుకు పెరట్లోని ట్యాంకు చూపించాడు. మోటారు పైపు చివర చిల్లులు పొడిచి, నీళ్లు ఎత్తు నుంచి జల్లులా పడేలా కట్టాడు. “ఇనప వాసన పోద్దని పెట్టానండి,” అన్నాడు. రేడాన్‌కూ వైద్యం ఇదే! నీళ్లకు గాలి తగిలితే గ్యాసు లేచిపోతుంది. అడుగు నుంచి గాలి బుడగలు పంపే సరైన యంత్రమైతే 90 శాతానికి పైగా తీసేస్తుంది. చిల్లుల పైపు అంత చేయదు, ఖర్చూ అంత కాదు. ట్యాంకు మాత్రం ఆరుబయటే ఉండాలి, మూతకు బదులు దోమతెర కట్టాలి. వంటింట్లో పెడితే గ్యాసును ఇంట్లోకి పిలిచినట్టే.

బొగ్గు ఫిల్టరూ పనిచేస్తుంది. కానీ పట్టిన రేడాన్ అందులోనే క్షీణించి, ఫిల్టరే రేడియేషన్ వెదజల్లుతుంది. ఇక ఆర్‌వో మిషన్ కరిగిన గ్యాసును ఆపలేదు. దీనికోసమైతే అది కొనడం దండగ.

ఏదైనా కొనేముందు పరీక్ష చేయించండి. తాగునీటిలో రేడాన్‌కు ఐరోపా సమాఖ్య 2013లో పెట్టుకున్న ప్రమాణం లీటరుకు 100 బెకరెల్స్. సీసాలో బుడగ మిగలకుండా అంచుదాకా నింపి బిగించి, ఆ రోజే ల్యాబుకు పంపండి. 3.8 రోజులు గడిస్తే అందులో రేడాన్ సగమే మిగులుతుంది.