ఓడి నేర్చుట

బడిపంతులు కంప్యూటరు ఆటలను గూర్చి వ్రాయుట చదువరులలో గొందరికి వింతగా దోచవచ్చును. అవి పిల్లల కాలమును హరించునవి యని మేమును తలిదండ్రులకు బలుమారు బోధించితిమి. కాని యొక యాట మా వృత్తిని గూర్చి మాకు జెప్పిన మాటను దాచుకొనుట న్యాయము గాదు.

1998వ సంవత్సరమున, కళాశాలలో జదువుచున్న కాలమున, సాయంకాలములు కంప్యూటరు నేర్చుకొనుటకు బోవుచుంటిమి. పాఠము ముగిసిన పిదప నొక మిత్రుడు ఫ్లాపీలలో దెచ్చిన రెండాటలను జూపెను. అవి చేతివేగముతో గెలుచు నాటలు గావు. బొమ్మలలో గనబడు లోకమున దిరిగి, వస్తువులను బోగుచేసి, మనుష్యులతో మాటలాడి, చిక్కుముడులను విప్పవలెను.

మొదటిది 1984లో సియెర్రా సంస్థ వెలువరించిన 'కింగ్స్ క్వెస్ట్'. రాబర్టా విలియమ్స్ రచన. అందు అడుగు తప్పి కోటకందకమున బడితిమా, నీటిమృగములు మ్రింగివేయును. ఆటను ముందుగా దాచియుంచుకొననిచో మరల మొదటికే. రెండవది 'ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలండ్'. దాని కర్త రాన్ గిల్బర్ట్. ఆటగానిని మాటిమాటికి జంపుటయు, దారిలేని చోట జిక్కించి విడుచుటయు దోషములని యాయన 1989లో నొక వ్యాసము వ్రాసి, మరుసటి యేట నీ యాటలో దన మతమును ఆచరణమున జూపెను.

ఇందు గైబ్రష్ అను కుర్రవాడు ఓడదొంగ కావలెనని యొక ద్వీపమునకు వచ్చును. అతనికి బెట్టిన మూడు పరీక్షలలో కత్తిసాము ఒకటి. అక్కడ గెలుపు కత్తిది గాదు, నాలుకది. ఒకడు వెక్కిరింతమాట విసరును. రెండవవాడు తగిన జవాబీయవలెను. మన యవధానములలోని అప్రస్తుతప్రసంగమునకు ఇది దూరపు చుట్టము. కుర్రవానికి మొదట జవాబులు రావు. త్రోవలో నెదురైన దొంగలతో బోరి యోడుచు, వారి వెక్కిరింతలను వేరొకరిపై బ్రయోగించి, జవాబులు నేర్చుకొనవలెను. తుదకు కత్తిసామున నారితేరిన కార్లా యెదుట నిలిచినపుడు, ఆమె యెన్నడును విననట్టి వెక్కిరింతలే వేయును. జవాబులు మాత్రము పాతవే. అర్థము గ్రహించినవాడు తగినదానిని ఏరుకొనును, వల్లించినవాడు ఓడును.

ఆనాడు మేము వల్లించితిమి. జంటలుగా బుస్తకమున వ్రాసికొని, కార్లా యెదుట జతికిలబడి, తుదకు మిత్రు నడిగి గెలిచితిమి. సంస్కృత శబ్దములను, ఆంగ్ల వ్యాకరణమును అట్లే నేర్చితిమి. శిష్యులకు నట్లే నేర్పితిమి.

గత వేసవిలో, పండ్రెండేండ్ల మా యమ్మాయితో గూడి, 2009లో వెలువడిన నూతనరూపమున నీ యాటను మరల నాడితిమి. అందొక మీట నొక్కిన పాతకాలపు గళ్లగళ్ల బొమ్మలు, మరల నొక్కిన కొత్తబొమ్మలు వచ్చును. అమ్మాయి వరుసగా నోడుచు నవ్వుచుండెను. మాకు ఓర్పు చాలక సూచనల మీటపై వ్రేలు పెట్టబోగా, "నాన్నగారూ, నన్ను ఓడనీయండి. ఓడితేనే గదా కొత్తమాట వచ్చేది!" అని మా చేయి తొలగించెను. కార్లాను మూడవమారు గెలిచెను.

ఆ రాత్రి మాకొక శిష్యుడు జ్ఞప్తికి వచ్చెను. ఎనిమిదవ తరగతిలో నొక ఆంగ్లవాక్యమును దప్పుగా జెప్పినందుకు, తరగతి యంతయు నవ్వునట్లు వానిని బరిహసించితిమి. ఆ పరిహాసపు జమత్కారమునకు మేము లోలోన గర్వించితిమి కూడ. పదవ తరగతి ముగియు వరకు ఆ బాలుడు మా పాఠమున మరల జేయి యెత్తలేదు. జవాబు చెప్పుటకు వీలులేని వెక్కిరింత మాది. కందకమున గాచియుండు మృగము పని మేము చేసితిమి.

ఆటలన్నియు మంచివని మా వాదము గాదు. తప్పు చేసినవాడు మరల బ్రయత్నింపగల చోటనే విద్య యున్నదని మాత్రము మా మనవి. బడి తెరచిన పిదప వారమునకొక గంటను తప్పుజవాబులకే కేటాయించితిమి. తప్పును నల్లబల్లపై వ్రాసి, అది యెట్లు పుట్టెనో యందరమును గూడి వెదకుదుము, మార్కులు లేవు. మొదటి వారమున నెవ్వరును నోరు విప్పలేదు. అప్పుడు మేము చదువుకొను నాటి మా తప్పునే యొకదానిని వ్రాసితిమి, పిల్లలు నవ్విరి. రెండవ వారమున వెనుకబల్ల నుండి యొక చేయి లేచెను.

ఆ పాత శిష్యునకు జాబు వ్రాయవలెనని మూడుమారులు కూర్చుంటిమి. మొదటి వాక్యమే కుదరలేదు. నాలుగవమారు కూర్చుండెదము.