నాలుగున్నర అడుగుల చాటు

2011 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం సైబర్ కేఫ్‌లకు కొత్త నియమాలు చేసింది. వచ్చినవాళ్ళ గుర్తింపు కార్డు చూడాలి. ఎవరు ఏ కంప్యూటర్ ముందు ఎంతసేపు కూర్చున్నారో రాసి కనీసం ఏడాదిపాటు దాచాలి. మధ్యలో అడ్డాలు కడితే అవి నేలనుంచి నాలుగున్నర అడుగులు దాటకూడదు. అడ్డాలు లేనిచోట తెరలు అందరూ తిరిగే ఖాళీవైపు తిరిగి ఉండాలి. నేరాల్ని అరికట్టడానికి చేసిన నియమాలివి. చీకటి అరల్లో అమ్మాయిల్ని ఇబ్బంది పెట్టిన చోట్లు లేకపోలేదు కనుక వీటివల్ల మేలేమీ లేదని అనను. కానీ తెర బయటికి తిరిగి ఉండటం అందరికీ ఒకేలాంటి అనుభవం కాదు. క్రికెట్ స్కోరు చూసుకునే కుర్రాడికి దాంతో పోయేదేమీ లేదు.

అప్పటికి నేను పరిశోధన మొదలుపెట్టి ఏడాది. కళావంతుల కుటుంబాల్లోంచి వచ్చిన రచయిత్రులూ, సంస్కరణ యుగంలో వాళ్ళ పుస్తకాలకు పట్టిన గతీ నా విషయం. సెలవులకు పెద్దాపురం వచ్చినప్పుడు నేను వెతకాల్సిన మాటలు ఇవి: దేవదాసి, వేశ్య, కళావంతులు, 1947 మద్రాసు చట్టం. ఏ ఊళ్ళో టైపు చేసినా వెనకనుంచి చూసేవాడికి ఈ మాటలు వేడుకే. పెద్దాపురంలో ఒక ఆడపిల్ల టైపు చేస్తే ఇక చెప్పేదేముంది?

వత్సవాయి వారి సంస్థానం ఉన్న ఊరు మాది. భర్తృహరిని తెనిగించిన ఏనుగు లక్ష్మణకవి ఊరు. పట్టు నేసే మగ్గాల ఊరు, ఆషాఢంలో మరిడమ్మ జాతర ఊరు. ఇవేవీ బయటివాళ్ళకి గుర్తురావు. సినిమాలో హాస్యనటుడు ఊరి పేరు పలికితే చాలు, హాల్లో ఈలలు పడతాయి. పొట్టకూటి కోసం ఆ వృత్తిలో ఉన్న ఆడవాళ్ళ బతుకు అందరికీ ఒక జోకు. ఆ జోకులో మిగతా ఆడవాళ్ళందరికీ కూడా కొంచెం కొంచెం వాటా పంచుతారు. రైల్లో ఎవరైనా ఊరడిగితే అమ్మ ఎప్పుడూ "సామర్లకోట" అనే చెప్పేది. దిగేది అక్కడే కదా అనుకునేదాన్ని చిన్నప్పుడు.

అందుకే నాకు సొంత కనెక్షన్ కావాలనిపించింది. కొత్త డేటా కార్డు కొనే స్తోమత ఫెలోషిప్ చేతికందని రోజుల్లో లేదు. కాకినాడలో కంప్యూటర్లు బాగుచేసే చిన్న కొట్లో ఎవరో అమ్మేసిపోయిన కార్డు ఏడువందలకు దొరికింది. బొటనవేలంత పరికరం, లాప్‌టాప్ యూఎస్‌బీలో గుచ్చుకునేది.

"ఇంట్లో ఎవరు వాడతారండీ? తమ్ముడుగారా?" అన్నాడు కొట్టతను.

"నేనేనండీ."

"ఏ ఊరండీ?"

చెప్పాను. "ఓహో, పెద్దాపురవాండీ!" అని పక్కన స్క్రూలు విప్పుతున్న కుర్రాడి కేసి చూశాడు. ఆ కుర్రాడు తల వంచుకుని నవ్వాడు. అంతకుమించి ఏమీ జరగలేదు. ఫిర్యాదు చేయడానికి వీల్లేనంత చిన్నగా జరగడమే అలాంటివాటి పద్ధతి.

ఆ కార్డు సీడీఎంఏ రకం. సిమ్ మార్చుకునే అర అందులో లేదు. నంబరు పరికరం లోపలే నమోదై ఉంటుంది కనుక పరికరం చేతులు మారినా కంపెనీ లెక్కల్లో పేరు మారదు. కార్డు గుచ్చగానే కంప్యూటర్ మొదట దాన్ని సీడీ డ్రైవ్ అనుకుంటుంది. అందులోని సాఫ్ట్‌వేర్ ఎక్కించాక అదే పరికరం మోడెమ్‌గా మారుతుంది. అప్పుడు హ్యాష్ 777 డయల్ చేయాలి. యూజర్ నేమ్ ఆ నంబరే, పాస్‌వర్డూ ఆ నంబరే. లోపల ఎస్సెమ్మెస్‌ల పెట్టె ఒకటి ఉంది. పాత యజమానికి కంపెనీ పంపిన సందేశాలు అలాగే ఉన్నాయి, అన్నీ "డియర్ సర్" అంటూ. నేను డబ్బు కట్టాక వచ్చిన రసీదు కూడా "డియర్ సర్" అనే పలకరించింది. ముద్దుపళని గురించి రాత్రంతా నేను వెతికితే, కంపెనీ రికార్డుల్లో ఆ వెతుకులాట ఎవరో మగాయన పేరున పడుతుంది. నాలుగున్నర అడుగుల గోడకంటే ఇది మంచి చాటు అని మొదట నవ్వుకున్నాను. తర్వాత ఆ నవ్వు నిలవలేదు. నా చదువు మరొకరి పేరు వెనక దాక్కోవాలా అనిపించింది.

పేరు మార్పిడికి ఫారం ఉంది. పాత యజమాని సంతకం కావాలి, నా చిరునామా రుజువు కావాలి. ఫారంలో నా పేరు కింద గడి "తండ్రి లేదా భర్త పేరు". ఇంటి రుజువులన్నీ నాన్న పేరున ఉన్నాయి. "నాన్నగారి పేరున చేయించేసుకోండి మేడమ్, తేలిగ్గా అయిపోద్ది" అన్నారు కౌంటర్లో, సాయం చేస్తున్న గొంతుతోనే. మూడుసార్లు కాకినాడ బస్సెక్కాక నా పేరున అయింది. ఆడవాళ్ళ పేరున కాగితం పుట్టించడం ఎంత కష్టమో తెలిసినవాళ్ళకి 2013 ఆహార భద్రతా చట్టం విలువ అర్థమవుతుంది. పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళలో పెద్ద ఆడమనిషే రేషన్ కార్డుకు ఇంటి పెద్ద అని ఆ చట్టం రాసింది.

మా పెంకుటింట్లో సిగ్నల్ ఒక గీతకు మించేది కాదు. మూరెడు యూఎస్‌బీ తీగ కట్టి కార్డును కిటికీ చువ్వకు వేలాడదీశాను. పట్నాల్లో ఈవీడీఓ వేగం సెకనుకు 3.1 మెగాబిట్లని ప్రకటనలు చెప్పేవి. మా ఇంట్లో అందింది పాత 1ఎక్స్ వేగమే, మహా అయితే 144 కిలోబిట్లు, అంటే సెకనుకు 18 కిలోబైట్లు. 20 మెగాబైట్ల పుస్తకం దిగడానికి ఏ ఆటంకమూ లేకపోతే పంతొమ్మిది నిమిషాలు. ఆటంకం లేని రాత్రి ఒక్కటీ లేదు.

ఆ వేగంతోనే రాధికా సాంత్వనం దించుకున్నాను. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ దాన్ని పరిష్కరించి అచ్చు వేయించింది. 1911లో ప్రభుత్వం అశ్లీలమని పట్టుకుంది. 1947లో గాని నిషేధం పోలేదు. ముద్దుపళనిని తప్పుపట్టింది మా పక్క రాజమండ్రి వీరేశలింగంగారే. సిగ్గు ఆడవాళ్ళకేనా, శృంగారం రాసిన మగకవులకు అక్కర్లేదా అని నాగరత్నమ్మ ముందుమాటలో నిలదీసింది. ఆ పేజీలు ఒక్కొక్కటే తెరమీద పైనుంచి కిందికి విచ్చుకుంటుంటే అమ్మ పక్కన కూర్చుని చదివింది. "ఈవిడ కూడా ఆ కులవేనా?" అని అడిగింది. అవునన్నాను. తర్వాతి పేజీ వచ్చేలోపల, తన చిన్నప్పుడు బళ్ళో తనతో చదివిన ఒక పిల్ల గురించి చెప్పింది. పద్యాలు బాగా పాడేదట. ఐదో తరగతి తర్వాత ఆ పిల్లతో మాట్లాడొద్దని ఇంట్లో కట్టడి చేశారట. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ అమ్మ ఆ సంగతి ఎత్తలేదు. కేఫ్‌లో కూర్చుని ఉంటే నాకు ముందుమాట దొరికేదేమో గాని ఈ మాట దొరికేది కాదు.

ఆ సీడీఎంఏ కార్డులు ఇప్పుడు ఎందుకూ పనికిరావు. 2010ల రెండో సగంలో ఆ సర్వీసులు ఒకటొకటిగా ఆగిపోయాయి. 2016లో జియో వచ్చాక డేటా చవకైంది. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని చెప్పింది. 2023లో మొదలైన సంచార్ సాథీలో మన పేరున ఎన్ని కనెక్షన్లున్నాయో చూసుకోవచ్చు. అయినా మా వీధిలో ఆడవాళ్ళని అడిగితే, చేతిలో ఫోను వాళ్ళదే, సిమ్ మాత్రం భర్త పేరునో కొడుకు పేరునో. "ఎవరి పేరునైతే ఏముందమ్మా, మాట్లాడేది నేనేగా" అంటారు. పేరున్నవాడు తలుచుకుంటే ఆ నంబరు ఆపించగలడు, బ్యాంకు ఓటీపీలు తన దగ్గరికి రప్పించుకోగలడు. కాపురం సజావుగా ఉన్నన్నాళ్ళూ ఇది కనిపించదు. విడిపోయిన రోజున మొదట మూగబోయేది ఆ ఫోనే.

పొలం పట్టా ఎవరి పేరునుందని మనం చాలాకాలంగా అడుగుతున్నాం. ఆ పక్కనే సిమ్ సంగతి కూడా అడగాలి. అమ్మ సిమ్ ఇప్పుడు అమ్మ పేరునే ఉంది. చిరునామా దగ్గర పెద్దాపురం అని ఆవిడే చెప్పి రాయించింది.