చెయ్యి పట్టుకున్నామె

జులై 8, 2025. ఇస్నాపూర్
ఆరో తరగతి పిల్లలకు ఒక పాత బొమ్మ చూపించాను. ఇటలీ చిత్రకారుడు పొంటోర్మో 1539 ప్రాంతంలో వేసింది. ఇప్పుడు అమెరికాలో, బాల్టిమోర్‌లోని వాల్టర్స్ మ్యూజియంలో ఉంది. నల్లబట్టల్లో, తల మీద ముసుగుతో ఒకామె. ఆమె చెయ్యి పట్టుకుని, ఒంటికి ఆనుకుని ఒక చిన్నపిల్ల. ఎవరు వీళ్లు అంటే తల్లీబిడ్డలన్నారు అందరూ. వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి మాత్రం, “అమ్మ కాదు మేడం, సాదుకునేటామె” అంది. ఎట్ల తెలుసు? “మా పెద్దమ్మ గూడ ఫొటో దిగేటప్పుడు గిట్లనే నిలవడ్తది.”

జులై 9
పిల్ల చెప్పింది నిజం. ఆమె మరియా సాల్వియాటి, వితంతువు. ఆ పాప జూలియా. పాప తండ్రి, ఫ్లోరెన్స్ డ్యూక్ అలెస్సాండ్రో మెడిచిని 1537 జనవరిలో సొంత బంధువే చంపేశాడు. ఆ తర్వాత గద్దెనెక్కింది మరియా కొడుకు కోసిమో. పోయినవాడి బిడ్డను కొత్త ప్రభువు తల్లి పెంచడంలో రాజకీయం లేదనలేను. కానీ రాజకీయం కోసమే అయితే పిల్లను పక్కన నిలబెడితే చాలు. చెయ్యి అందించక్కర్లేదు.

జులై 13, ఆదివారం
పందొమ్మిదో శతాబ్దంలో ఎవరో ఆ పాప మీద రంగు పూసేశారు! 1902లో హెన్రీ వాల్టర్స్ ఆ బొమ్మను కొన్నప్పుడు అందులో ఒక్క స్త్రీయే కనిపించేది. 1937లో శుభ్రం చేస్తుంటే పిల్ల బయటపడింది. మొదట కోసిమో అనుకున్నారు, తర్వాతే జూలియా అన్నారు. అన్నేళ్లూ రంగు కింద ఆ పిల్ల ఆమె చెయ్యి వదల్లేదు. ఇది తలుచుకుంటే గొంతు పట్టేస్తోంది.

జులై 17
మన హైదరాబాద్ బొమ్మ ఇంకోటి ఉంది. ఇక్కడి బ్రిటిష్ రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్, ఆయన హైదరాబాదీ భార్య ఖైరున్నీసాల ఇద్దరు పిల్లలది. 1805లో ఇంగ్లండుకు ఓడ ఎక్కించే ముందు మద్రాసులో జార్జ్ చినరీ వేశాడు. నాలుగేళ్ల కొడుకు, మూడేళ్ల కూతురు, హైదరాబాదీ దుస్తుల్లో. పక్కన తల్లి లేదు. 1813లో చనిపోయేదాకా ఆమె మళ్లీ వాళ్లను చూడలేదు. కూతురు కిట్టీ పెద్దయ్యాక అక్కడ ఒకరింట ఈ బొమ్మ చూసి ఏడ్చేసిందట. నాకైతే చినరీ మీద కోపం లేదు గానీ, పిల్లల్ని అలా పంపించేసిన ఆ పద్ధతి మీద ఉంది.

జులై 22
జూన్ 30న మా పక్కనే పాశమైలారంలో ఫ్యాక్టరీ పేలుడులో నలభై మందికి పైగా పోయారు. చాలామంది ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల పిల్లల్ని ఇప్పుడు ఏ ఊళ్లో ఏ నానమ్మ, ఏ మేనత్త సాదుతోందో. మా తరగతిలోనూ ఫ్యాక్టరీ షిఫ్టుల వల్ల అవ్వల దగ్గర పెరిగేవాళ్లే ఎక్కువ. శనివారం మీటింగుకు “తల్లిదండ్రులు రావలెను” అని చీటీ తయారైంది. “సాదుకునేవాళ్లు” అని కూడా చేర్చమన్నాను. హెడ్‌మాస్టర్ సారు పెన్ను తీసుకుని అక్కడికక్కడే రాశారు. వెనక బెంచీ అమ్మాయి పెద్దమ్మకు చీటీ స్వయంగా ఇచ్చి, చదివి చెప్పి రావాలి. ఆమెకు చదువు రాదు.