ఇంటిచదువు

నేడు హోమ్ స్కూలింగ్ అని కొత్తపేరుతో వినవస్తున్న విషయం మా తరానికి కొత్తది కాదు. మా పెద్దలు దానిని ఇంటిచదువు అనేవారు. ఊరూరా బడులు వెలసిన తరువాత కూడా కొన్ని ఇళ్ళలో అది నిలిచే ఉండినది. అటువంటి ఇంట పెరిగినవాడిని కనుక, దాని మంచిచెడ్డలు నా బ్రతుకులో ఎట్లా పరిణమించాయో మిత్రులతో చెప్పుకోవాలనిపించింది.

రామాపురంలో మా తాతగారు నన్నూ, నాకంటె ఐదేళ్ళు పెద్దదైన మా అక్కయ్యనూ తామే చదివించారు. పదకొండేళ్ళు నిండేవరకు నేను బడి గడప తొక్కలేదు. తెల్లవారుజామున అమరకోశం వల్లెవేయడం, స్నానమైన తరువాత శతకపద్యాలు, మధ్యాహ్నం ఎక్కాలు, దీపాలవేళ అన్నీ ఒప్పజెప్పడం, ఇదీ మా దినచర్య. 1957లోనే నయాపైసలు వచ్చినా, తాతగారు రూపాయికి పదహారణాల లెక్కనే చెప్పేవారు. గాదె దగ్గర నిలబెట్టి సోలకూ తవ్వకూ మానికకూ ఉన్న సంబంధాన్ని ధాన్యంతోనే కొలిపించేవారు. తప్పు చెబితే కొట్టేవారు కారు. మొదటినుంచి మళ్ళీ చదివించేవారు. మా పాఠానికి గంట లేదు. వచ్చినప్పుడే అది ముగిసేది.

ఆ చదువు నాకిచ్చినది తక్కువేమీ కాదు. తరువాత భాషాప్రవీణ చదివేటప్పుడు తోటివారు నిఘంటువులు తిరగవేస్తుండగా పర్యాయపదాలు నాకు నోటికి వచ్చేవి. ముప్ఫైనాలుగేళ్ళ ఉద్యోగంలో పుస్తకం తెరవకుండా పద్యపాఠం చెప్పగలిగానంటే ఆ పునాదియే కారణం.

కాని, 1971లో పరీక్షించి ఆరవ తరగతిలో కూర్చోబెట్టిననాడు నాకు ఇంగ్లీషు అక్షరాలు రావు. కిలోలు, లీటర్లు తెలియవు. ఆ కొరత ఒక ఏడాదిలో తీరింది. తీరనిది మరొకటి ఉన్నది. ఇంట్లో తాతగారు ప్రశ్న వేస్తే అది నాదే. తరగతిలో ప్రశ్న నలభైమందిది. చేయి ఎత్తినవాడికే అది దక్కుతుంది. సమాధానం తెలిసినా, పేరుపెట్టి పిలిచేవరకు నేను నోరు విప్పేవాడిని కాను. పెద్దయ్యాక ఉపాధ్యాయుల సమావేశాలలోనూ అంతే. స్పాట్ వాల్యుయేషన్‌లో నలుగురూ క్యారియర్లు ముందు పెట్టుకొని కలిసి భోంచేస్తుంటే నేనొక మూల కూర్చునేవాడిని. వారిమీద నాకేమీ కినుక లేదు. కలవడం చేతకాదు, అంతే. పీరియడు గంట మోగగానే సగంపద్యం మీద పాఠం ఆపడం పదవీవిరమణ వరకు నాకు మింగుడుపడలేదు. నేడు ఎక్కడ చూచినా పూర్వవిద్యార్థుల సమ్మేళనాలు జరుగుతున్నవి. ఒకటో తరగతి నాటి దెబ్బలాటలు తలచుకొని అందరూ నవ్వుకొంటుంటే, తలచుకోవడానికి నాకొక దెబ్బలాట కూడా లేదు.

ఇవన్నీ భరించదగినవే. మా అక్కయ్యకు జరిగినది వేరు. నన్ను బడిలో చేర్చినవారు ఆమెను చేర్చలేదు. నాకంటె ఎక్కువ పద్యాలు ఆమెకే వచ్చు. ఇరవైయెనిమిదో ఏట భర్తను పోగొట్టుకొని, ఇద్దరు బిడ్డలతో ఉద్యోగానికి వెళ్ళినప్పుడు అక్కడ అడిగినది పద్యాలు కాదు, టీసీ. ఐదో తరగతి చదివినట్లయినా కాగితం లేదు. భారతం పద్దెనిమిది పర్వాల కథ ఆగకుండా చెప్పగల మనిషి, దరఖాస్తులో విద్యార్హత అన్నచోట అడ్డగీత గీసి తిరిగివచ్చింది.

అప్పటికి ఏడాది క్రితమే, 1982లో, ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఏ బడీ చదవనివారు కూడా అర్హతపరీక్ష వ్రాసి అక్కడ డిగ్రీలో చేరవచ్చునని తెలిసింది. భండారు అచ్చమాంబ (1874-1905) గారి సంగతి అప్పుడు నాకు జ్ఞప్తికి వచ్చింది. ఆమె బడికి వెళ్ళకుండా, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారి చదువును ఆసరా చేసుకొని ఇంట్లోనే విద్య నేర్చి, 'అబలా సచ్చరిత్ర రత్నమాల' వ్రాసిన విదుషీమణి. నేను లక్ష్మణరావుగారంతటివాడిని కాకపోయినా, రాత్రిళ్ళు అక్కయ్య ఎదుట కూర్చొని ఇంగ్లీషూ లెక్కలూ చెప్పాను. ఆమె పరీక్ష గెలిచి, బి.ఏ. పూర్తిచేసి, చిన్న ఉద్యోగంలో కుదురుకొని బిడ్డలను ఒడ్డున పడవేసింది. తాతగారి విద్య ఆమెకు మొదటినుంచీ ఉన్నది. దానిని లోకం ముందు పెట్టడానికి ఒక ద్వారం కావలసి వచ్చింది.

నేడు ద్వారాలు పెరిగినవి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం, ఆరు నుంచి పద్నాలుగేళ్ళలోపు బడి ఎరుగని బిడ్డను ఈడుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. సార్వత్రిక పాఠశాలలూ ఉన్నవి.

అమెరికాలో ఉన్న మా అమ్మాయి, కొడుకును ఇంట్లోనే చదివించాలని తలపోస్తూ నా సలహా అడిగింది. ఆ దేశంలో యాభై రాష్ట్రాలలోనూ అది చట్టసమ్మతమే. 2020లో కరోనా వచ్చి బడులు మూతపడినప్పుడు ఎందరో ఆ దారి పట్టారు. నేను వద్దనలేదు. "అమ్మా, చదువు చెప్పడం నీకు చేతనవును. కాని ఏ పరీక్షకు ఏ కాగితం కావాలో ముందే కనుక్కో. వారానికి కొన్ని పూటలైనా వాడి ఈడువాళ్ళ మధ్య వదులు. వాళ్ళ చేతిలో వాడు ఓడిపోవాలి, వాళ్ళతో పోట్లాడాలి, మళ్ళీ కలవాలి" అని మాత్రం చెప్పాను.

ఆదివారాలు ఫోనులో మనవడికి పద్యాలు నేర్పే పని నేను తీసుకొన్నాను. చేయి ఎత్తడం మాత్రం నలుగురు పిల్లలున్నచోటనే వాడు నేర్చుకోవాలి.